అరవై ఒకటో నంబరు కళ్ళజోడు

జనవరి 8

పెద్దాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మా జడ్జిగారి ఇంట్లో మూడు నెలల పాటు కళా ప్రదర్శన పెడతారట. 'నిత్యజీవిత వస్తువుల ద్వారా స్త్రీత్వ అన్వేషణ' అని రాశారు. నూట ముప్ఫై ఏళ్ళ నాటి ఇల్లు, ఇప్పుడు మ్యూజియం. పద్దెనిమిదేళ్ళుగా నేను దీనికి సూపరింటెండెంటుని. ఇందులో ఎవరు ఏది అన్వేషించాలన్నా నన్నడగాల్సిందే. పోయిన నెల వచ్చిన మంత్రిగారు స్నానాల గది ఎటువైపో కూడా నన్నే అడిగారు.

ప్రదర్శనకి పరిచయ వ్యాసం నేనే రాయాలని నిర్ణయించుకున్నాను. ఇంకా ఎవరూ అడగలేదు. అడుగుతారు. శీర్షిక కూడా కుదిరింది. 'స్త్రీత్వం, సహనం: ఒక చారిత్రక పరిశీలన.'

మా ఆవిడ వాళ్ళక్కగారింటికి వెళ్ళి ఇవాళ్టికి పందొమ్మిది రోజులు. గాలి మార్పు కోసం వెళ్ళింది. వచ్చే వారం వచ్చేస్తుంది.

పాలు మళ్ళీ పొంగిపోయాయి. ఈ స్టవ్వులో ఏదో లోపం ఉంది.

జనవరి 11

కళాకారిణి వచ్చింది. నలభై దాటి ఉంటాయి. పొట్టి జుట్టు, ప్యాంటుకి ఆరు జేబులు. ప్రతి జేబులోంచీ ఒక కొలత టేపు తీస్తుంది. ఇల్లంతా నేనే దగ్గరుండి చూపించాను.

"జడ్జిగారి భార్య పేరేంటండీ?" అని అడిగింది.

"రికార్డుల్లో 'జడ్జిగారి సతీమణి' అని ఉంది."

"అది పేరా?"

"గౌరవం," అన్నాను.

"ఆవిడ వస్తువులేమున్నాయి?"

"ఆవిడ గదిలో ఖాళీ బీరువా ఒకటుంది. చాలా మంచి చెక్క."

"మరి జడ్జిగారివి?"

"చేతికర్రలే పదకొండున్నాయి. ఒక్కో కర్ర మీదా అరపేజీ చొప్పున వివరణ రాశాను."

ఆవిడ వెంటనే పుస్తకం తీసి రాసుకుంది. చేతికర్రల మీద ఆసక్తి కలిగినట్టుంది.

జనవరి 12

మా ఆవిడకి ఫోన్ చేశాను. "ఏం కావాలి?" అంది. ఏమీ వద్దన్నాను. చక్కెర డబ్బా ఎక్కడుందో అడుగుదామని చేసి, ఆ మాటతో మర్చిపోయాను. వచ్చే వారం ఎలాగూ వస్తుంది.

జనవరి 19

కళ అంటే ఏమిటో ఇవాళ తెలిసింది. ఊళ్ళోని ఆడవాళ్ళంతా ఇళ్ళల్లో వాడిన ఒక్కో వస్తువు తెచ్చి ఇవ్వాలట. దాంతో పాటు చీటీ మీద తమ చేత్తో రెండు ముక్కలు రాయాలట. పేరు రాయకూడదు. కళాకారిణి చేసేది వాటికి నంబర్లు వేసి దారాలతో వేలాడదీయడం. ఈ పని మా ఇంటి అటక పద్దెనిమిదేళ్ళుగా ఏ ప్రచారమూ లేకుండా చేస్తోంది.

వస్తువులు తీసుకునే పని టికెట్ల కౌంటరులో కూర్చునే ఆవిడకి అప్పగించారు. ఆవిడ నెమ్మదస్తురాలు. పదేళ్ళుగా నా దగ్గర పని చేస్తోంది. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆడవాళ్ళు వరస కట్టారు. విరిగిన స్టూళ్ళు, పళ్ళూడిన దువ్వెనలు, పిడి వంగిన గరిటెలు.

"అందరూ చెత్త వదిలించుకుంటున్నారమ్మా," అన్నాను.

"కొంతమంది ఇచ్చేటప్పుడు ఏడుస్తున్నారు సార్," అంది.

చెత్త మీద కూడా మమకారం! ఈ పాయింటు వ్యాసంలో వాడుకోవాలి.

జనవరి 24

వ్యాసం పదకొండు పేజీలు వచ్చింది. కళాకారిణికి ఇచ్చాను. వయసు పెరిగేకొద్దీ స్త్రీకి పుస్తకాల మీద, బయటి ప్రపంచం మీద ఆసక్తి సహజంగానే తగ్గి, మనసు ఇంటివైపు మళ్ళుతుందని నాలుగో పేజీలో నిరూపించాను. ఉదాహరణకి ఎక్కడికో పోనక్కర్లేదు. మా ఆవిడే. ఒకప్పుడు వారానికి రెండు నవలలు చదివేది. మూడేళ్ళుగా పేపరు కూడా ముట్టుకోవడం లేదు. పేరు చెప్పకుండా 'నాకు బాగా తెలిసిన ఒక గృహిణి' అని రాశాను.

జనవరి 29

కరపత్రం అచ్చయి వచ్చింది. నా వ్యాసం వేశారు. పదకొండు పేజీల్లో కుదించగా మిగిలిన భాగం ఇది: "ఈ ఇల్లు ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు వరకు తెరిచి ఉంటుంది." కింద నా పేరు.

జనవరి 31

ప్రారంభోత్సవం. పెద్దాఫీసు నుంచి డైరెక్టరుగారు వచ్చి రిబ్బను కత్తిరించారు. కత్తెర కూడా ప్రదర్శనలో వస్తువేనట. ముట్టుకున్నందుకు కళాకారిణి ఆయన్నే కసిరింది. మనసుకి హాయిగా అనిపించింది.

లోపల వస్తువులన్నీ ముఖాలకి తగిలేట్టు వేలాడుతున్నాయి. పక్కన చీటీలు. ఇస్త్రీ పెట్టె దగ్గర, "ఇరవై మూడేళ్ళు ఇంట్లో అందరి చొక్కాలూ చేశాను. నా బట్టలు పరుపు కింద పెట్టుకునేదాన్ని." గొడుగు దగ్గర, "ఇద్దరికీ ఒకటే గొడుగు. ఆయన నాకంటే జానెడు ఎత్తు. గొడుగు ఆయనే పట్టుకునేవారు." గరిటె దగ్గర, "ఉప్పు సరిపోయిందో లేదో నేనెప్పుడూ చూసుకోలేదు. చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు."

జడ్జిగారి సతీమణి బీరువాని మాత్రం ఖాళీగానే ఉంచి, తలుపులు తీసి, లోపల దీపం పెట్టారు. చీటీ మీద 'పేరు దొరకలేదు' అని ఉంది. అది నాకేదో చురక అనిపించింది. కానీ నేను చురకలు పట్టించుకునే మనిషిని కాను.

అరవై ఒకటో నంబరు వస్తువు ఒక కళ్ళజోడు. కుడి కాడ ఊడిపోతే నల్లదారంతో కట్టారు. చీటీ ఇలా ఉంది. "చూపు పోలేదు. కాడ ఊడింది. బాగుచేసే షాపు మా ఆయన ఆఫీసు పక్కనే. మూడేళ్ళు."

అతిథులకి ఇల్లు చూపిస్తూ అక్కడ ఆగి, "ఆ మహానుభావుడు ఇంకా దారిలోనే ఉన్నట్టున్నాడు!" అన్నాను. డైరెక్టరుగారి భార్య పొట్ట పట్టుకుని నవ్వింది. ఈ ప్రదర్శనకి ప్రాణం నేనేనని అక్కడికక్కడే తేలిపోయింది.

టికెట్లావిడ నవ్వలేదు. ఆవిడకి హాస్యం అర్థం కాదు.

ఫిబ్రవరి 3

అరవై ఒకటి దగ్గర నా జోకుకి మంచి పేరొస్తోంది. ఇవాళ కొత్తది కలిపాను. "షాపు పక్కనే కాబట్టి సరిపోయింది, ఎదురుగా ఉంటే రోడ్డు దాటడానికి ఇంకో మూడేళ్ళు పట్టేది." జనం విరగబడి నవ్వారు. అలాంటి మొగుళ్ళు కూడా ఉంటారు మరి.

మా ఆఫీసు పక్కన కూడా కళ్ళజోళ్ళ షాపు ఉంది. ఊరన్నాక బోలెడు షాపులుంటాయి.

ఫిబ్రవరి 5

అరవై ఒకటో చీటీలో 'ళ' తోక బాగా కిందకి దిగింది. చాలామంది అలాగే రాస్తారు.

ఫిబ్రవరి 6

చాలామంది అలాగే రాస్తారు.

ఫిబ్రవరి 9

సాయంత్రం తాళాలు వేసే ముందు టికెట్లావిడ నా గదిలోకి వచ్చి నిలబడింది.

"సార్, ఆ అరవై ఒకటి మీద జోకులు వేయకండి."

"ఏమ్మా, నీకేమైంది?"

"ఆ వస్తువు నేనే తీసుకున్నాను సార్, ఆవిడ చేతిలోంచి."

"ఎవరావిడ?"

"పేర్లు చెప్పకూడదని రూలు కదా సార్." కాసేపు చేతి సంచీ సర్దుకుంది. "వెళ్ళేటప్పుడు మీ గది వైపు చూశారు. సార్ బీపీ మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా అని అడిగారు."

ఆమె వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 10

రాయడానికి ఏమీ లేదు.

ఫిబ్రవరి 11

న్యాయంగా ఆలోచించాలి.

మధ్యాహ్నం నాకు తీరిక దొరికే వేళకి ఆ షాపు మూసేస్తారు. నేను చూడలేదు గానీ, మూసేస్తారనే అనుకుంటున్నాను. సాయంత్రం నేను బస్సు అందుకోవాలి. పైగా ఆవిడ గట్టిగా అడగలేదు. నాకు గుర్తున్నంత వరకు రెండుసార్లు అడిగింది. మహా అయితే నాలుగు. టిఫిన్ డబ్బాతో పాటు కళ్ళజోడుని కూడా రుమాల్లో చుట్టి నా సంచీలో పెట్టిన రోజులు మాత్రం కొన్ని ఉన్నాయి. సాయంత్రం ఆ రుమాలు అలాగే తిరిగి వచ్చేది. ఎన్ని రోజులని లెక్కపెట్టడం ఇప్పుడు అనవసరం.

తర్వాత నల్లదారం కట్టుకుంది. "కొత్త ఫ్యాషనా?" అని అడిగాను. అవును, అలాగే అడిగాను. నవ్విందని గుర్తు. నవ్విందా?

దారంతో కట్టినా చదువుతుంటే జారిపోయేదేమో. పేపరు మడిచి నా వైపు జరిపేది. చదివి చెప్పమని కాబోలు. ఆసక్తి తగ్గిందనుకున్నాను. అనుకుని ఊరుకోకుండా నాలుగో పేజీలో రాశాను కూడా.

ఫిబ్రవరి 13

నలుగురు ఆడవాళ్ళు అరవై ఒకటి ముందు అరగంట నిలబడ్డారు. ఆ భర్తని ఏం చెయ్యాలన్న దాని మీద చర్చ. మూడేళ్ళు కళ్ళకి గంతలు కట్టాలని ఒకామె అంది. వద్దు, రోజూ ఆ షాపు ముందు నిలబెట్టి బోర్డు పైకి చదివించాలని ఇంకొకామె. పాపం, అతనికి ఏ మతిమరుపు జబ్బో ఉందేమోనని మూడో ఆమె జాలిపడింది. అన్నిటికంటే ఆ జాలే ఎక్కువ గుచ్చుకుంది.

"మీరేమంటారు సార్?" అని నన్నడిగారు.

"అయిదింటికి మూసేస్తాం," అన్నాను. కరపత్రంలో నా పేరు కింద ఉన్న వాక్యం ఎందుకో ఒకందుకు పనికొచ్చింది.

ఫిబ్రవరి 17

ఇవాళ ఒక మంచి పని చేశాను.

మధ్యాహ్నం భోజనాల వేళ, తాళం వేసిన గది తెరిచి, దారం విప్పి కళ్ళజోడు జేబులో వేసుకుని పక్క షాపుకి వెళ్ళాను. తెరిచే ఉంది. మధ్యాహ్నం మూసే అలవాటే లేదట. షాపతను ముసలాయన. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"రండి సార్! రోజూ మా గుమ్మం ముందు నుంచే వెళ్తారు, ఒక్కసారి కూడా లోపలికి రాలేదు."

"కొంచెం అర్జెంటు," అన్నాను.

కళ్ళజోడు అటూ ఇటూ తిప్పి చూశాడు. చిన్న మరచీల వేశాడు. అద్దాలు తుడిచాడు. గోడ గడియారం చూస్తూనే ఉన్నాను. నాలుగు నిమిషాలు. డబ్బులిస్తే తీసుకోలేదు. "దీనికేం తీసుకుంటాం సార్, చీలే కదా," అన్నాడు. తిట్టినా బాగుండేది.

మళ్ళీ దారానికి వేలాడదీసి వచ్చాను. మెరిసిపోతోంది. ఈ సంగతి తెలిస్తే మా ఆవిడ చాలా సంతోషిస్తుంది. బహుశా వచ్చే వారం.

ఫిబ్రవరి 18

కళాకారిణి కేకలకి పావురాలన్నీ లేచిపోయాయి.

"ఎవరో దీన్ని బాగుచేసి పాడుచేశారు!" అంటోంది. ఈ వాక్యంలో తప్పు పట్టుకుందామని చాలాసేపు ప్రయత్నించాను. దొరకలేదు.

ఆ గది తాళాలు రెండు. ఒకటి నా దగ్గర, ఒకటి టికెట్లావిడ దగ్గర. "సూపరింటెండెంటుగారు ఇలాంటి పని ఎందుకు చేస్తారు?" అంది కళాకారిణి. ఎందుకు చేస్తాను? అడగని ప్రశ్నకి జవాబు చెప్పడం నా అలవాటు కాదు.

ఫిబ్రవరి 19

టికెట్లావిడ నుంచి సంజాయిషీ తీసుకోమని డైరెక్టరుగారు ఫోన్లో చెప్పారు. తేలకపోతే ఆవిడని పనిలోంచి తీసేయాల్సి ఉంటుందన్నారు. మెమో నేనే తయారు చేశాను, నేనే సంతకం పెట్టాను. ఇది పద్ధతి మాత్రమే. ఇందులో నా వ్యక్తిగత ప్రమేయం ఏమీ లేదు.

పైన రాసిన వాక్యం మళ్ళీ చదువుకున్నాను. కొట్టేద్దామనుకుని ఉంచేశాను. డైరీలో కూడా ఇలా రాసే మనిషి ఎవడో నాకే తెలియాలి.

ఫిబ్రవరి 20

మెమో ఆవిడ చేతికిచ్చాను. నిలబడే చదివి, మడిచి, టికెట్ల సొరుగులో పెట్టింది.

"జవాబు రాస్తాను సార్. తాళం నా దగ్గరే ఉంది, చేసింది నేను కాదు అని రాస్తాను. అంతే."

"ఎవరు చేశారో తెలిస్తే అది కూడా రాయచ్చు," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. చెప్పేస్తే బాగుండుననిపించిందేమో.

"షాపాయన నిన్న టీ దగ్గర చెప్పాడు సార్," అంది మెల్లగా. "మీ సార్ ఇన్నాళ్ళకి మా షాపుకొచ్చారని తెగ సంబరపడ్డాడు. కానీ నేను రాయను. ఆ వస్తువు ఎవరిదో బయట పెట్టనని ఆ అమ్మగారికి మాటిచ్చాను. మీ పేరు రాస్తే అదీ బయటపడుతుంది కదా."

ఇద్దరు పిల్లలున్న మనిషి, ఉన్న ఒక్క ఉద్యోగం పోతుందని తెలిసి కూడా. టికెట్లు తీసుకోవడానికి ఎవరో వచ్చారు. వాళ్ళకి నవ్వుతూ టికెట్లిచ్చింది.

ఫిబ్రవరి 21

నా సంజాయిషీ.

మొదటి ప్రతి: "సదరు ప్రదర్శనా వస్తువు శిథిలావస్థలో ఉన్నందున పరిరక్షణ దృష్ట్యా..." చింపేశాను.

రెండో ప్రతి: "మానవతా దృక్పథంతో..." ఇంకా చిన్న ముక్కలుగా చింపేశాను.

మూడో ప్రతి పంపాను. "అరవై ఒకటో నంబరు కళ్ళజోడు నా భార్యది. చీటీలో రాసిన భర్తను నేనే. ఈ నెల పదిహేడున దానిని పక్క షాపులో నేనే బాగుచేయించాను. అందుకు నాలుగు నిమిషాలు పట్టినది. టికెట్ల ఉద్యోగినికి ఇందులో ఏ సంబంధమూ లేదు. ఆమెకి మెమో ఇచ్చేనాటికి ఈ సంగతి నాకు తెలుసు."

పద్దెనిమిదేళ్ళలో నేను రాసినవాటిలో ఎవరూ కుదించడానికి వీల్లేనిది ఇదొక్కటే.

ఫిబ్రవరి 25

విచారణ. డైరెక్టరుగారు, కళాకారిణి, నేను. వస్తువు యజమానిగా మా ఆవిడని పిలిపించారు.

అరవై ఏడు రోజుల తర్వాత చూడటం. మొహంలో ఏదో తేడా. చిక్కిందా, తెల్లబడిందా అని తేల్చుకోలేకపోయాను. ఆవిడ కుర్చీలో కూర్చున్నాక తెలిసింది. కొత్త కళ్ళజోడు. మెరూన్ రంగు ఫ్రేము.

డైరెక్టరుగారు నా సంజాయిషీ పైకి చదివారు. ఆయన గొంతు పెద్దది. 'నాలుగు నిమిషాలు' అన్నచోట ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టారు.

"అమ్మా, మీ వస్తువుని మీ అనుమతి లేకుండా మార్చారు. మీకేమైనా అభ్యంతరమా?"

మా ఆవిడ పాత కళ్ళజోడు చేతిలోకి తీసుకుంది. కాడ తెరిచింది, మూసింది. కొత్తది తీసి పాతది పెట్టుకుంది. బల్ల మీద ఉన్న నా సంజాయిషీని దగ్గరికి లాక్కుని చూసింది.

"కనబడటం లేదండీ. మూడేళ్ళలో పవర్ మారిపోయింది."

నేను ఫ్యాను వైపు చూశాను.

"అయితే దీన్నేం చేద్దాం?" అంది కళాకారిణి. "దారం మళ్ళీ కట్టేస్తే..."

"ఎందుకమ్మా అబద్ధం? బాగయింది కదా, బాగైనట్టే ఉండనివ్వండి. చీటీ ఇటివ్వండి, ఒక ముక్క కలుపుతాను."

కొత్త కళ్ళజోడు పెట్టుకుని, 'మూడేళ్ళు' అన్న మాట పక్కన 'నాలుగు నిమిషాలు' అని రాసింది. కళాకారిణి ఆ చీటీని రెండు చేతులతో అందుకుంది. కళ్ళలో నీళ్ళు. కళ కోసమే అయ్యుంటుంది.

డైరెక్టరుగారు నన్ను రాతపూర్వకంగా మందలించి వదిలేశారు. టికెట్లావిడకి ఇచ్చిన మెమో రద్దయింది. బయటికొచ్చి ఆవిడకి క్షమాపణ చెప్పాను. "పర్లేదు సార్" అంటుందనుకున్నాను. అనలేదు. "సరే సార్," అంది.

మా ఆవిడ గేటు దగ్గర ఆగింది.

"బాగుచేయించారు," అంది.

"అవును. ఎప్పుడొస్తావు?"

"వస్తానని నేనెప్పుడు చెప్పాను?"

నిజమే. వచ్చే వారం అన్న మాట నేనే రాస్తూ వచ్చాను. ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు.

"గాలి మార్పు అన్నావు కదా."

"అదీ మీరే అన్నారు. నేను, నావల్ల కాదండీ, అక్క దగ్గరికి పోతున్నాను అన్నాను. మీరు పేపర్లోంచి తలెత్తకుండా మంచిదే, గాలి మార్పు ఉంటుంది అన్నారు."

ఆటో వచ్చింది. ఎక్కబోతూ వెనక్కి తిరిగింది.

"ఆదివారం రండి. భోంచేసి రండి."

మార్చి 1, ఆదివారం

భోంచేసి వెళ్ళాను. నేనే వండుకున్నాను. దాని గురించి రాయను.

తలుపు వదినగారు తీశారు. "రండి మరిదిగారూ," అన్నారు గానీ తలుపు పూర్తిగా తెరవలేదు. మా ఆవిడ చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉంది.

"నేను బయటికెళ్తున్నాను. బస్టాపు దాకా రండి."

"ఎక్కడికి?"

"పేకాటకి. ఆదివారాలు నలుగురం ఆడుకుంటాం."

"నీకు పేకాట వచ్చా?"

"పెళ్ళికి ముందు నుంచీ వచ్చు."

బస్టాపులో బెంచీ మీద కూర్చున్నాం. ఎండ ఉంది. ఆవిడ వైపు నీడ లేదు. చోటు మారదామన్నాను. మారాం.

"ఎలా ఉన్నావు?" అని అడిగాను. ఇది నేను రోజూ అడిగే మాటే. అడిగి చెప్పులు విప్పుకుంటూ లోపలికి వెళ్ళిపోవడం అలవాటు. ఇవాళ వెళ్ళడానికి ఎటూ లేదు.

ఆవిడ నా మొహంలోకి చూసింది, నిజంగానే అడుగుతున్నానా అన్నట్టు. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో రెండుసార్లు నన్ను నేను సమర్థించుకోబోయాను. ఆవిడ చెయ్యి ఎత్తింది. ఆగాను. ఏం చెప్పిందో ఇక్కడ రాయను. ఈ డైరీలో నేను రాసిన ప్రతిదాన్నీ నాకు అనుకూలంగా తిప్పుకున్నాను. ఇదొక్కటి ఆవిడ చెప్పినట్టే ఉండనీ.

మొదటి బస్సు వచ్చింది. ఎక్కలేదు, చెబుతూనే ఉంది. రెండోది వచ్చింది. అది కూడా వదిలేసింది.

మూడో బస్సు ఎక్కింది.